పడాల్సిన గోడ

వరసలో పద్దెనిమిది ఇళ్లు. తుఫాను వెళ్లిపోయాక పదిహేడు నిలబడి ఉన్నాయి. పడింది పదకొండో నంబరు.

ఐదో రోజు ఉదయం ఇంజనీరు మేడమ్ టేపూ కెమెరా పట్టుకుని జీపు దిగేసరికి మేస్త్రి అక్కడే ఉన్నాడు. ఆ వరస మొత్తం కట్టింది అతనే. ఎవరూ పిలవకపోయినా వచ్చాడు. వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. పదకొండో నంబరు అతని అక్కది. తుఫాను రోజు ఆ ఇంట్లో ఉండిపోయిన బావ మూడో రోజున ఐసు గోదాము వెనక దొరికాడు. నాలుగో రోజు చేయాల్సినవి చేశారు. ఇది ఐదో రోజు.

ఇళ్లన్నీ ఒకే తీరు. తొమ్మిది అడుగుల పిల్లర్లు ఆరు. వాటి మీద రెండు గదులూ ఒక వంటగదీ. కింద, పిల్లర్ల మధ్య, లోపల బోలుగా ఉండే సిమెంటు దిమ్మలతో గోడలు. ఆ గోడల లోపల జనం సైకిళ్లు, వలలు, నీళ్ల డ్రమ్ములు పెట్టుకునేవారు. ఇప్పుడు పదిహేడు ఇళ్ల కిందా గోడలు లేవు. రోడ్డు మీద నిలబడితే ఇళ్ల కాళ్ల మధ్య నుంచి సముద్రం కనిపిస్తోంది. దిమ్మలు ఇళ్లకు వెనకగా ముప్ఫై నలభై అడుగుల దూరంలో, నీళ్లు వదిలిన చోట పడి ఉన్నాయి. మెట్లు కూడా పోయాయి. అందరూ నిచ్చెనలు వేసుకుని పైకెక్కి దిగుతున్నారు. పైన గదుల్లో ఎవరికీ పెద్దగా ఏమీ పోలేదు. ఏడో నంబరాయన నెత్తిన ఎప్పుడూ టోపీ ఉంటుంది కాబట్టి ఊరంతటికీ ఆయన టోపీయే. టీవీ బతికిందో చచ్చిందో కరెంటు వస్తే గాని తెలియదనీ, కరెంటు రానంతకాలం అది బతికున్నట్టే లెక్కనీ కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

పదకొండో నంబరులో సముద్రం వైపున్న ముందు పిల్లర్లు రెండూ నేలకి జానెడు ఎత్తున విరిగి ఉన్నాయి. మధ్యవి రెండూ ఒరిగాయి. వెనకవి నిలబడ్డాయి, వాటి మీద వంటగది గోడ ఒకటి మిగిలింది. గోడకి కొట్టిన మేకుకి గరిట వేలాడుతోంది.

మేడమ్ పిల్లరు మొదళ్లు కొలిచింది. లోపలి ఇనుము కొలిచింది. తప్పేమీ లేదని పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించింది. ఇదే ఇనుము, ఇదే సిమెంటు, ఇదే మేస్త్రి, మరి ఇదొక్కటే ఎందుకు పడిందని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత ఇంటి వెనక్కి నడిచింది. ఇరవై అడుగులు పోయాక ఆగింది.

అక్కడ గోడ ముక్క ఒకటి పడి ఉంది. తలుపంత ఉంటుంది. మిగతా ఇళ్ల గోడలు దిమ్మకి దిమ్మ విడిపోయాయి. ఇది విడిపోలేదు. ఐదు వరసలు, ఉన్నవి ఉన్నట్టు. దిమ్మల బోలు అంతా కాంక్రీటుతో నింపి ఉంది. ఒక చివర నుంచి ఇనుప చువ్వలు మూడు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక చువ్వ కొసన పిల్లరు ముక్క కొబ్బరికాయంత ఇంకా అంటుకునే ఉంది.

మేస్త్రి ఆ ముక్కని పొద్దున్నే చూశాడు. దిమ్మల మధ్య అతుకు మీద పైపు ముక్కతో లాగిన గీత చూస్తే ఎవరి చెయ్యో అతనికి తెలుస్తుంది. మనిషికి తన దస్తూరీ తెలిసినట్టే.

మేడమ్ కూర్చుని ఆ చువ్వల్ని వేలితో ముట్టుకుంది. లేచి, అక్కడున్న అందరికీ వినపడేలా చెప్పింది. కింది గోడ పడాలి. పడితే అల ఇంటి కింద నుంచి వెళ్లిపోతుంది. పడకపోతే అల బరువంతా గోడ మీద, గోడ బరువంతా పిల్లర్ల మీద పడుతుంది. ఇక్కడ గోడ పిల్లర్లకి కట్టేసి ఉంది. గోడ పడలేదు, పిల్లర్లు విరిగాయి. అంతే జరిగింది.

అక్క ఆ మాటలు నిలబడి విన్నది. స్కూలు నుంచి, తుఫానుకి అందరినీ చేర్చిన స్కూలు అది, తెల్లవారాక నడిచి వచ్చింది. ఎవరిదో చొక్కా తొడుక్కుని ఉంది. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పినా అలాగే వినేది.

"ఇది ప్లానులో లేదు," అంది మేడమ్. "ఇల్లు అప్పగించాక కట్టింది. ఎవరు కట్టారమ్మా?"

మేస్త్రి నోరు తెరిచాడు. మాట బయటికి వచ్చే లోపల అక్క చెప్పేసింది.

"మా ఆయన కట్టించాడు మేడమ్. కింద ఇంజన్లు పెట్టుకునేవాడు కదా, దొంగల భయం. ఎవరో బయటి మేస్త్రిని తెచ్చుకున్నాడు. మా తమ్ముడికి చెప్పలేదు. చెబితే తిడతాడని."

మేడమ్ మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి నేల వైపు చూశాడు. గుమాస్తా రాసుకున్నాడు.

ఇల్లు అప్పగించేటప్పుడు అందరి చేతా సంతకం పెట్టించిన కాగితంలో ఒక షరతు ఉంది. కింది భాగాన్ని ఇంటివాళ్లు మార్చకూడదు. మార్చి, దానివల్ల ఇల్లు పోతే మళ్లీ కట్టివ్వరు. మేడమ్ ఆ షరతు సంగతి అక్కకి గుర్తు చేసింది. గొంతు పెంచలేదు. అక్క తెలుసునని తల ఊపింది. తర్వాత స్కూలు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది. తమ్ముడి పక్కనుంచే వెళ్లింది, ఆగలేదు.

*

మేస్త్రి తెలియక చేశాడనడానికి లేదు.

రెండేళ్ల కిందట, ఈ వరసకి పునాది తీయకముందు, నలభై మంది మేస్త్రీలని ఒక హాల్లో కూర్చోబెట్టి ఇదే మేడమ్ రోజంతా పాఠం చెప్పింది. పైకప్పు రేకులు గాలికి లేవకుండా ఇనుప పట్టీలతో గోడలోకి ఎలా బిగించాలో చెప్పింది. పిల్లరు పునాది ఇసక కిందికి ఎంత లోతు పోవాలో చెప్పింది. వాటికి అందరూ తలలూపారు. ఆ తర్వాత కింది గోడల గురించి మొదలుపెట్టింది. దిమ్మల బోలు నింపకూడదు. కలిపే సిమెంటు తగ్గించాలి. పిల్లరుకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంచాలి. గోడ దేన్నీ పట్టుకోకూడదు, దేనికీ ఆనకూడదు. నీళ్లు తోస్తే పడాలి.

తర్వాత వెనక బల్ల మీద నుంచి, గునపం అని పిలిచే మేస్త్రి ఒకాయన లేచి, అలాంటి గోడే కావాలంటే తన బామ్మర్దిని పంపిస్తానన్నాడు. వాడు కట్టినవాటికి తుఫాను దాకా అక్కర్లేదు, తుమ్మితే చాలన్నాడు. నలభై మందీ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, ఆయన ఫోను నంబరు ఇవ్వమంది.

మేస్త్రీ నవ్వాడు. సాయంత్రం అందరితో పాటు కార్డు తీసుకున్నాడు. ఫొటో అంటించిన కార్డు. అది ఉన్నవాడే తీరం వెంట ఇళ్లు కట్టాలి. పదిహేడు ఇళ్లకి చెప్పింది చెప్పినట్టు చేశాడు. కింది గోడలు కట్టించిన రోజుల్లో మాత్రం తాపీ మనుషులకి పని అప్పజెప్పి తను పైన రేకుల దగ్గర ఉండేవాడు. సాయంత్రం దిగేటప్పుడు వాటి వైపు చూసేవాడు కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతను కట్టిన గోడ ఒక్కటీ పడలేదు. మొదటిసారి పడే గోడలు కట్టాడు, అవీ పదిహేడు.

మిగిలిన ఒక్కటీ, పదకొండో నంబరు, అక్క ఇల్లు. దానికీ ప్లాను ప్రకారమే కట్టాడు, మేడమ్ వచ్చి చూసి సంతకం పెట్టింది. సంతకం అయిన వారానికి, ఒక ఆదివారం, మేస్త్రి డ్రిల్లింగ్ మిషను పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. సముద్రం వైపు గోడని గంటలో విప్పేశాడు. పిల్లర్లకి బెజ్జాలు వేశాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. బావ పడవ ఇంజన్లు బాగుచేసేవాడు, పనిముట్లతో అలవాటున్న చెయ్యి. అతనే కాంక్రీటు కలిపి అందించాడు. అక్క టీ పెట్టింది. రెండో ఆదివారం బావ, ఇంటికి గోడ కడుతున్నావా జైలుకా అని అడిగాడు. కావాలంటే తాళం బయటినుంచి వేస్తానన్నాడు మేస్త్రి. అంతటితో ఆగక, అక్కని ఇన్నేళ్లు ఏడిపించినందుకు ఆ శిక్ష తక్కువేనన్నాడు. బావ నవ్వి, ఏడిపించింది ఎవరో మీ అక్కనే అడగమన్నాడు.

ఎందుకు చేశాడని ఎవరైనా అడిగి ఉంటే ఆ రోజుల్లో చెప్పగలిగేవాడు కాదు. ఊరివాళ్ల ఇళ్లకి ఊరి పద్ధతి, సొంత అక్క ఇంటికి తన పద్ధతి. ఆలోచన అంతవరకే వెళ్లింది. నీళ్లు అంత ఎత్తు వస్తాయని మేడమ్ పాఠం చెబుతున్నప్పుడు నమ్మాడు, బయటికి వచ్చాక నమ్మలేదు.

గోడ పూర్తయ్యాక రెండు మూడు వారాలకోసారి భోజనానికి వెళ్లేవాడు. మెట్లెక్కే ముందు ఒకసారి గోడ మీద చెయ్యి వేసి, పొడుగునా కన్ను పారించి, అప్పుడు ఎక్కేవాడు. అక్క పైనుంచి చూసేది.

*

మేడమ్ వచ్చి వెళ్లాక రెండు రోజులు మేస్త్రి పని చేశాడు. వరసలో మెట్లు కట్టే పని. చెక్కతో తాత్కాలికంగా కొట్టిస్తే చాలన్నారు. మూడో నంబరుతో మొదలుపెట్టాడు. కొలత తీసుకోవడం, కోయడం, మేకు కొట్టడం. చేతులకి పని తెలుసు. మధ్యాహ్నం ఎవరో అన్నం పెడితే తిన్నాడు. ఏం తిన్నావని ఇంట్లో భార్య అడిగితే చెప్పలేకపోయాడు. భార్య, వదినని స్కూల్లో ఎన్నాళ్లు ఉంచుతారు, మన దగ్గరికి తీసుకురమ్మంది. రేపు వెళ్తానన్నాడు. మర్నాడు మళ్లీ మెట్ల పనికి వెళ్లాడు.

ఏడో నంబరుకి వచ్చేసరికి టోపీ నిచ్చెన మీద కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రీ, నీ గోడలు భలే పడ్డాయయ్యా," అన్నాడు. "ఒక్కటి మిగల్లేదు. నువ్వు కట్టినప్పుడు నా గోడ చూసి మా ఆవిడ, ఇదేం పనండీ, పిల్లి దూకితే పడేట్టుంది అంది. ఇప్పుడు నీకు దణ్ణం పెట్టమంటోంది."

మేస్త్రి టేపు సాగదీశాడు.

టోపీ గొంతు తగ్గించాడు. "మీ బావే, పాపం. పోయినవాణ్ణి అనకూడదు గానీ అతితెలివికి పోయాడు. మేడమ్ చెప్పింది, కాగితంలో రాసుంది, అందరం విన్నాం. ఆయనొక్కడికి పట్టలేదు. పోతే పోయాడు, మీ అక్క నెత్తిన ఇల్లు కూడా లేకుండా చేసిపోయాడు."

మేస్త్రి కొలత చెప్పాడు, తోటి పనివాడు రాసుకున్నాడు. కొలత తప్పు. చెక్క కోశాక తెలిసింది. మళ్లీ కొలిచాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ రేషను డిపో దగ్గర ఆగాడు. మేడమ్ అక్కడే ఆఫీసు పెట్టింది. బయట గోడకి జాబితా అంటించి ఉంది. పదిహేడు నంబర్ల ఎదురుగా మరమ్మతు అని ఉంది. పదకొండు ఎదురుగా రద్దు అని ఉంది. దాని పక్కన కారణం రాశారు. ఇంటి యజమాని నిబంధనకి విరుద్ధంగా గోడ నిర్మించుకున్నందున. కింద బావ పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా. నలుగురు నిలబడి చదువుతున్నారు. ఒకాయన వేలు పెట్టి రెండోసారి చదివాడు.

మేస్త్రి నిలబడ్డాడు. అక్క ఎందుకలా చెప్పిందో అతనికి తెలుసుననే అనుకున్నాడు. అతని కార్డు కోసం. కార్డు పోతే తీరంలో పని పోతుంది, తీరంలో తప్ప ఇప్పుడు ఎక్కడా పని లేదు. పోయినవాడికి పోయేదేముంది, ఉన్నవాడు బతకాలి అనుకుని ఉంటుంది. అక్క చిన్నప్పటి నుంచీ అంతే. అతను పగలగొట్టినవన్నీ తను పగలగొట్టానని చెప్పేది. అప్పుడూ అతను నోరు మూసుకునేవాడు.

జాబితా చదవడం అయిపోయినవాళ్లు వెళ్లిపోయారు. మేస్త్రి లోపలికి వెళ్లాడు.

*

లోపల గోడ మీద నీళ్లు నిలిచిన గీత నడుమెత్తున ఉంది. బియ్యం బస్తాలు తడిసిన వాసన. మేడమ్ బల్ల ముందు కూర్చుని కాగితాలు ఆరబెడుతోంది. రండి మేస్త్రి గారూ అని కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"పదకొండో నంబరు గోడ నేను కట్టాను మేడమ్," అన్నాడు. "మా బావ కట్టించలేదు. ఆయన అడగలేదు. నేనే వెళ్లి కట్టాను."

మేడమ్ చేతిలో కాగితం పక్కన పెట్టింది. ఎప్పుడని అడిగింది. చెప్పాడు. ఏ వరసల్లో చువ్వలు వేశారని అడిగింది. వరస విడిచి వరస, పక్కకి ఆరు, మొత్తం పన్నెండు, పిల్లరులోకి నాలుగు అంగుళాలు. దిమ్మలు నింపారా? నింపాను. కింద నేల దూలానికి కూడా కట్టారా? లేదు, కింద ఊరికే కూర్చుంది. ఆమె అడిగినవన్నీ గోడ గురించే. అతను తడుముకోకుండా జవాబులు చెప్పాడు. రెండు రోజుల్లో అతను అంతసేపు మాట్లాడింది అప్పుడే.

తర్వాత, పాఠం రోజు మీరు ఉన్నారు కదా అంది. ఉన్నానన్నాడు. అర్థం కాలేదా అంది. అయిందన్నాడు. ఇంకెవరి ఇంటికైనా ఇలా చేశారా అని అడిగింది.

"మిగతావన్నీ పడిపోయాయి కదా మేడమ్," అన్నాడు మేస్త్రి.

ఆమె గుమాస్తాని పిలిచి కొత్త కాగితం తీసింది. అతను చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టమంది. పెట్టాడు. కార్డు అడిగింది. జేబులోంచి తీసి ఇచ్చాడు. రెండేళ్ల పాటు ఎండకీ సిమెంటుకీ ఫొటోలో మొహం చెరిగిపోయింది. పైవాళ్లు కేసు పెట్టమంటే పెడతారని, అది తన చేతిలో లేదని చెప్పింది. సరేనన్నాడు.

"మా అక్క ఇల్లు?"

కట్టింది ఇంటివాళ్లు కాదు కాబట్టి రద్దు ఉండదంది. జాబితా రేపు మారుస్తామంది. బావ పేరు ఎదురుగా ఉన్న కారణం కూడా తీసేస్తారా అని అడిగాడు. తీసేస్తామంది. ఇవాళ తీసేస్తారా అని అడిగాడు. మేడమ్ అతని వైపు చూసి, గుమాస్తాని పంపింది. గుమాస్తా బయటికి వెళ్లి, ఆ వరస మీద తెల్లకాగితం ముక్క అంటించి వచ్చాడు.

*

స్కూలు డిపోకి పావుగంట నడక. ఇంకా వెలుతురు ఉంది. అక్క మేడ మీద గదిలో ఉంది. బెంచీలు గోడకి చేర్చి నేల మీద దుప్పట్లు పరిచారు. ఆ గదిలో ఉన్న కుటుంబాలు చాలావరకు ఇళ్లకి వెళ్లిపోయాయి. ముగ్గురు ముసలివాళ్లు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నల్లబల్ల మీద ఎవరో తుఫానుకి ముందు రాసిన లెక్క ఇంకా ఉంది.

మేస్త్రి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. చెప్పేశానన్నాడు. కార్డు ఇచ్చేశానన్నాడు. ఇల్లు వస్తుందనీ, బావ పేరు తీసేశారనీ చెప్పాడు.

అక్క దుప్పటి మడత పెడుతోంది. మడత పూర్తి చేసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను నీ కార్డు కోసం చెప్పాననుకున్నావా?" అంది.

మేస్త్రి తల ఊపాడు.

"అందరూ అనుకున్నట్టు ఆయన ఆ రోజు ఇంజన్ల కోసం ఇంట్లో ఆగలేదురా."

ఆమె చెప్పింది. కొన్ని నెలల కిందట మేడమ్ మనుషులు వరసలో మీటింగు పెట్టారు. బావ వెళ్లాడు. బొమ్మలు వేసి చూపించారు. గోడ పడకపోతే ఏమవుతుందో చూపించారు. బావ ఇంటికి వచ్చి కాసేపు గోడ ముందు నిలబడ్డాడు. మెకానిక్కు కదా, బరువు ఎటు పోతుందో చెబితే అర్థమవుతుంది. రాత్రికి అన్నం తింటూ, ఈ గోడ తీయాలి అన్నాడు. మీ తమ్ముడికి చెప్పాలి అన్నాడు. వద్దన్నది అక్కే. వాడు నాలుగు ఆదివారాలు కట్టాడు, వచ్చినప్పుడల్లా దాని మీద చెయ్యి వేసి గాని మెట్లెక్కడు, వాడి మొహం చూసి ఎలా చెబుతావు అంది. మెల్లిగా చెబుదాంలే అనుకున్నారు. మేస్త్రి కూతురి పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నారు. తర్వాత అతనికి నడుము పట్టేసి పదిహేను రోజులు పడుకున్నాడు. అది తగ్గాక చెబుదామనుకున్నారు. భోజనానికి వచ్చిన ప్రతిసారీ బావ మొదలుపెట్టేవాడు, గోడ గురించి ఒక మాట, అనేవాడు. ఏంటి బావా, పగిలిందా అని మేస్త్రి లేవబోయేవాడు. కాదులే, బాగుంది అనేవాడు బావ.

మేస్త్రికి ఆ మాట గుర్తుంది. రెండుసార్లు విన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాడు.

"తుఫాను కబురు వచ్చిన రోజు ఆయన, ఇదే మంచి సందు అన్నాడు," అంది అక్క. "ఇవాళ పడగొట్టేస్తా, తుఫాను పడగొట్టిందని చెబుదాం, మీ తమ్ముడు తిట్టుకుంటే తుఫాన్ని తిట్టుకుంటాడు అన్నాడు. నన్ను స్కూలుకి తీసుకెళ్లే వ్యాను ఎక్కించాడు. సుత్తి పట్టుకుని కిందికి వెళ్లాడు. అప్పుడు పదైంది."

కిటికీ దగ్గర ముసలాయన ఒకడు దగ్గాడు. పక్కనున్నావిడ నీళ్లు అందించింది.

"రెండింటికి ఫోను చేశాను. వ్యాన్లు ఆపేస్తారంట, వచ్చేయమన్నాను. నాలుగు గంటలు కొడితే దిమ్మన్నర రాలిందంట. నవ్వుతున్నాడు. మీ తమ్ముడు మనిషి కాదే బాబూ అన్నాడు. ఇంకొంచెం కొట్టి మూడింటి వ్యానుకి వస్తానన్నాడు. మూడింటి వ్యాను వెళ్లలేదు."

ఆమె చెప్పడం ఆపేసింది. మేడమ్ అడిగినప్పుడు మా ఆయనే కట్టించాడని ఎందుకందో చెప్పలేదు, మేస్త్రీ అడగలేదు. ప్రమాదమని తెలిసీ గోడని తీయకుండా ఉంచింది ఆ ఇంట్లోవాళ్లే. మేడమ్ ముందు ఒక్క మాటలో అది చెప్పాలంటే అలా తప్ప ఎలా చెబుతుందో అతనికీ తెలియలేదు.

అతను ఏడుస్తాడేమోనని అక్క చూసింది. అతనికి ఏడుపు రాలేదు. ఐదో రోజు నుంచీ అతనికి ఏదీ రావడం లేదు. అతని మనసు గోడ దగ్గరికి వెళ్లింది. బావ సుత్తితో ఎక్కడ కొట్టి ఉంటాడో చూస్తోంది.

"మధ్యలో కొట్టాడా?" అని అడిగాడు.

"మధ్యలోనే అనుకుంటా. తలుపంత సందు చేస్తే మిగతాది అదే వస్తుందన్నాడు."

"రాదు," అన్నాడు మేస్త్రి. "మధ్యలో లోపలంతా కాంక్రీటు. ఎంత కొట్టినా సుత్తే వెనక్కి వస్తుంది. గోడని కొట్టకూడదు అసలు. కింద దాన్ని దేనికీ కట్టలేదు, ఊరికే కూర్చుంది. పిల్లరు పక్కన అతుకులో ఉలి పెట్టి సిమెంటు రాల్చాలి. చువ్వ కనపడుతుంది. దాన్ని కోసేయాలి. పక్కకి ఆరు, మొత్తం పన్నెండు. అవి తెగితే గోడని నిలబెట్టేది ఏదీ లేదు. నీళ్లు రాగానే అదే వెళ్లిపోతుంది. ఇనుము కోసే రంపాలు బావ దగ్గర డజను ఉంటాయి."

అక్క వింటోంది. అర్థమైనచోట తల ఊపింది.

"ఎంతసేపు పడుతుంది?"

మేస్త్రి లెక్క వేశాడు. ఒక్కొక్క చువ్వకి ఐదు నిమిషాలు. అతుకు రాల్చడానికి పక్కకి అరగంట. బావ చెయ్యి కాబట్టి కోతలో తనకంటే తొందరే.

"రెండు గంటలు," అన్నాడు. "నాకు ఫోను చేసి అడిగుంటే చెప్పేవాణ్ణి కదా."

"నిన్నెలా అడుగుతాడురా," అంది అక్క.

కింద వరండాలో పళ్లేలు సర్దుతున్న చప్పుడు మొదలైంది. కాసేపట్లో అన్నానికి పిలుస్తారు. అక్క దుప్పటి పక్కన పెట్టి, నువ్వు పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అని అడిగింది. మేస్త్రి తిన్నానన్నాడు. తర్వాత, లేదన్నాడు. అక్క లేచి, అతను లేచేదాకా నిలబడింది. ఇద్దరూ మెట్లు దిగి వరసలో నిలుచున్నారు.